కోళ్ల బండి కడిగే చోటేది?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో చచ్చిన కోళ్ల నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు వెళ్లాయి. బర్డ్ ఫ్లూ అని తేలింది. కిలోమీటరు పరిధిలో కోళ్లను పూడ్చిపెట్టారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. ఆంధ్రా కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దులోనే ఆపేసింది. అంతకు ఏడాది ముందు నెల్లూరు జిల్లా చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లోనూ ఇదే తెగులు. ప్రతిసారీ చర్చ వలస పక్షులతో మొదలై చికెన్ ధరతో ముగుస్తోంది. ఊరూరా షెడ్లు తిరిగే బండి ఊసే రావడం లేదు.

దాణా లారీ, కోడిపిల్లల్ని తెచ్చే వ్యాను, గుడ్ల లారీ, కోడిపెంట ఎత్తే ట్రాక్టరు... ఫారం గేటు రోజూ ఎవరో ఒకరికి తెరుచుకుంటూనే ఉంటుంది. గోదావరి జిల్లాల గుడ్లు బెంగాల్, అస్సాం దాకా పోతాయి. బ్రాయిలర్లను ఎత్తే వ్యానును దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. ప్లాస్టిక్ బోనుల మూలల్లో గట్టిపడిన రెట్ట, జాలీకి అంటుకున్న ఈకలు, క్లచ్ కింద మ్యాట్ మీద డ్రైవరు చెప్పులతో వచ్చిన పెంట. రాత్రి ఒక షెడ్డు ఖాళీ చేసిన బండి మర్నాడు ఇంకో ఊరి షెడ్డు ముందు నిలుస్తుంది.

గేటు దగ్గర టైర్ల మీద మందు పిచికారీ చేసి సరిపెట్టుకోవడం మోసపోవడమే. ఎండిన పెంట మీద కొట్టిన మందు లోపలికి దిగదు. బ్లీచింగ్ లాంటి మందుల బలాన్ని ఆ మురికే హరించేస్తుంది. ముందు గీకాలి, సబ్బునీళ్లతో నానబెట్టాలి, ప్రెషర్ పంపుతో కడగాలి, నీళ్లు కారిపోయాక మందు కొట్టాలి, ఆపై ఆరనివ్వాలి. బర్డ్ ఫ్లూ వైరస్ పైపొర కొవ్వుతో కూడినది కాబట్టి సబ్బే సగం పని చేస్తుంది.

బండి రోగాన్ని మోస్తుందన్న మాట ఊహ కాదు. 2013లో అమెరికా పందుల ఫారాల్లో పీఈడీ అనే విరేచనాల వ్యాధి చెలరేగినప్పుడు కబేళాల దగ్గర ట్రెయిలర్లను పరీక్షించారు. వైరస్ లేకుండా వచ్చిన ప్రతి వందలో అయిదు, పందుల్ని దించి వెళ్లేటప్పటికి దాన్ని అంటించుకున్నాయి. డెన్మార్క్ రైతులైతే విదేశాల్లో పందుల్ని దించి వచ్చే లారీని సరిహద్దు దగ్గరే కడిగి, మందు కొట్టించాకే లోపలికి రానిస్తారు.

మనకూ చట్టం లేకపోలేదు. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో తెచ్చిన కేంద్ర చట్టం, జీవాలను ఎక్కించే ముందూ దించిన తర్వాతా వాహనాన్ని కడిగి శుద్ధి చేయాలంటోంది. కడిగే చోటు ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు. డ్రైవరు కాలువ గట్టున బండి ఆపి నాలుగు బకెట్లు పోస్తే, ఆ మురికి దిగువనున్న చెరువులకూ ఫారాలకూ చేరుతుంది.

తణుకు, అనపర్తి లాంటి కోళ్ల కేంద్రాల్లో ఒక్కో వాషింగ్ స్టేషన్ కట్టాలి. సిమెంటు గచ్చు, ప్రెషర్ పంపు, మురుగునీటికి వేరే గుంత, కడిగినట్టు తేదీ, టైము వేసిన చీటీ ఉంటే చాలు. ఖర్చు రైతు మీద వేయడం అన్యాయం. రైతుల షెడ్లలో కోళ్లు పెంచించుకుంటున్న కంపెనీలూ, ప్రభుత్వమూ కలిసి భరించాలి. తెగులు వచ్చాక చెక్‌పోస్టు పెట్టే అధికారులు ఈ చలికాలం రాకముందే ఈ పని మొదలుపెట్టాలి. చీటీ లేని బండికి గేటు తీయబోమని రైతులు ఇప్పుడే తీర్మానించుకోవాలి.