పడిపోయిన భుజానికి పరిహారమేదీ?

ధర్మవరంలో పట్టుచీర నేసే కార్మికునికి, పెనుకొండ చేలల్లో వేరుశనగ పీకే కూలీకి, హిందూపురం మార్కెట్టులో మూటలెత్తే హమాలీకి ఆస్తి అంటూ వుంటే అది భుజబలమే. చేయి పైకి లేవని నాడు మగ్గం ఆగుతుంది, కూలి ఆగుతుంది, పొయ్యిలో పిల్లి లేవదు. అటువంటి చేయి టీకా సూది కారణంగానే పడిపోతే ఆ నష్టం ఎవరు భరించాలి?

టీకాలను శంకించవలసిన పని లేదు. 1980 నాటికి ప్రపంచం నుంచి మశూచి తొలగిపోయిందన్నా, 2014లో మన దేశం పోలియో లేని దేశంగా గుర్తింపు పొందిందన్నా అది టీకాల చలవే. సూది పడిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి వుండడమూ సహజమే. ఇక్కడ ప్రస్తావిస్తున్నది వేరు. భుజపుటెముక అంచుకు రెండు మూడు వేళ్ల దిగువన, కండ దిట్టంగా వున్న చోట సూది పడాలి. తొందరలో మరీ పైన గుచ్చితే మందు కండలోకి కాక కీలు చుట్టూ వుండే మెత్తని పొరల్లోకి చేరవచ్చు. అప్పుడు లోపల వాపు పుట్టి నొప్పి నెలల తరబడి పీడిస్తుంది. చేయి తల దాకా లేవదు. ఇది అరుదే. మందులో దోషమూ కాదు, సూది పడిన చోటులోని దోషం.

అమెరికా ఈ సమస్యను గుర్తించింది. టీకాల వల్ల నష్టపోయిన వారికి పరిహారమివ్వడానికి అక్కడ 1986లో చట్టం చేశారు. టీకా డోసులపై విధించే చిన్న పన్నుతో నిధి ఏర్పరచారు. 2017లో భుజం గాయాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు. టీకా పడిన 48 గంటల్లోగా అదే భుజంలో నొప్పి మొదలై, బాధ ఆరు నెలలకు మించి వుండి, అంతకు ముందు ఆ భుజానికి జబ్బు లేదని రికార్డులు చెబితే చాలు. నర్సు తప్పు చేసిందని నిరూపించనక్కర లేదు.

మన దేశంలో జరిగినదేమిటి? కోవిడ్ టీకా వల్ల తమ బిడ్డలు చనిపోయారంటూ తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, పరిహారం కావాలనుకుంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చునని 2022 నవంబరులో కేంద్రం బదులిచ్చింది. వినియోగదారుల చట్టం సంగతి చూద్దామా అంటే, అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు దాని పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. డబ్బిచ్చి టీకా వేయించుకున్నవానికి వినియోగదారుల కమిషన్ వుంది. ఊరి ఉపకేంద్రంలో ఉచితంగా వేయించుకున్న పేదవానికి ఆ తలుపు మూసివున్నది. ఇది విచారకరం.

తప్పు నిరూపించకుండానే పరిహారం ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. పెనుకొండ మీదుగా పోయే బెంగుళూరు రోడ్డులో లారీ ఢీకొని తీవ్రంగా గాయపడితే, డ్రైవరు తప్పు నిరూపించకపోయినా రెండున్నర లక్షల రూపాయలు కోరే హక్కు మోటారు వాహనాల చట్టంలో వుంది. దారిన పోయేవానికి ఇచ్చిన రక్షణ, ఊరందరి ఆరోగ్యం కోసం చేయి చాపినవానికి ఎందుకివ్వరాదు?

అన్ని టీకాలకూ వర్తించేలా, భుజం గాయం కూడా చేరేలా పరిహార పథకం కావాలి. ఏ చేతికి, ఏ తేదీన టీకా వేసిందీ ప్రతి కార్డుపైనా రాయాలి. సూది ఎక్కడ వేయాలో సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలి.

ప్రజలూ జాగ్రత్త పడాలి. టీకా వేసేటప్పుడు భుజం పూర్తిగా కనపడేలా చొక్కా తొలగించి, కూర్చుని వేయించుకోవాలి. నొప్పి తగ్గకపోతే నాటు కట్లు కట్టించుకుని ఊరకుండక, ఏఎన్ఎంకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పి రాయించాలి. చీటీలు భద్రపరచాలి. కోర్టుకు వెళ్లవలసి వస్తే మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం కల్పించింది. దానిని వినియోగించుకోవాలి.

పదిమంది మేలు కోసం వేసే టీకా వల్ల ఒక్కనికి నష్టం కలిగితే, దానిని పదిమందీ పంచుకోవడమే న్యాయం. ఆ ఒక్కణ్ణి ఒంటరిగా కోర్టు మెట్లెక్కమనడం ధర్మం కాదు.