నాలుక కింది మాత్ర, రోజా నియమం

రమజాన్ మాసం సమీపించినప్పుడల్లా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల పాఠకుల నుండి ఒక ప్రశ్న తప్పక వస్తుంది: గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర వల్ల రోజా భంగమవుతుందా? ఆ మాత్ర లోపల ఏమి చేస్తుందో ముందుగా తెలుసుకుంటే సమాధానం సులభంగా బోధపడుతుంది.

మన రక్తనాళాల లోపలి గోడకు కణాల పలుచని పొర ఒకటి ఉన్నది. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఉత్పత్తి చేస్తుంది. మోటారు బండ్ల పొగలో ఉండే కలుషిత వాయువే ఇది! అయినా దేహంలో మాత్రం వార్తాహరుడు. ప్రక్కనున్న కండరంలోకి చొచ్చుకుపోయి సడలుమని సందేశమిచ్చి, కొన్ని క్షణాలలోనే నశిస్తుంది. నాళం వెడల్పవుతుంది, రక్తం సాఫీగా పారుతుంది.

1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కలపై పరీక్షలు జరిపాడు. లోపలి పొర ఉన్న ముక్క మందు తగలగానే సడలింది; పొర గీకివేసిన ముక్క సడలలేదు. పొర నుండి ఏదో సందేశం వెలువడుతున్నదని తేలింది. అది నైట్రిక్ ఆక్సైడేనని 1986లో ఆయన, లూయీ ఇగ్నారో వేర్వేరుగా ప్రతిపాదించారు. నైట్రోగ్లిసరిన్ మందు ఈ వాయువునే వెలువరిస్తుందని ఫెరిద్ మురాద్ 1977లోనే గుర్తించాడు. 1998లో ముగ్గురికీ నోబెల్ బహుమతి లభించింది. నైట్రోగ్లిసరిన్‌తోనే డైనమైట్ తయారుచేసిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజులలో వైద్యులు గుండెజబ్బుకు సూచించినదీ ఆ నైట్రోగ్లిసరిన్‌నే.

సార్బిట్రేట్ కూడా ఈ కోవలోనిదే. నాలుక కింది సన్నని నాళాల గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. పని చేయడానికి కడుపులోకి వెళ్లనవసరం లేదు. కనుకనే 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ, గొంతుకు చేరినదానిని మింగకుండా జాగ్రత్తపడితే రోజా భంగం కాదని నిర్ణయించింది. మీ ముఫ్తీ గారి అభిప్రాయం వేరైతే ఆ రోజా ఖజా చేసుకోండి, అంతే. వ్యాధిగ్రస్తుడు మరో దినాన రోజా పూర్తి చేసుకోవచ్చునని దివ్య ఖుర్ఆన్ స్పష్టంగా అనుమతించింది. ఛాతీ పట్టేసినప్పుడు మగ్‌రిబ్ అజాన్ కోసం గడియారం చూస్తూ కూర్చోవడం భక్తి కాదు. వెంటనే కూర్చుని మాత్ర పెట్టుకోవాలి. ఐదు నిమిషాలలో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లు బీడీల మీద బ్రతుకుతున్నవి. ఆ తల్లుల శ్రమను నేను గౌరవిస్తాను. కానీ పొగ త్రాగేవారిలో ఆ లోపలి పొర దెబ్బతిని, ఈ వాయువు తగ్గిపోతుందన్నది దాచలేని విషయం.

దాచకూడనిది మరొకటున్నది. దాంపత్య సామర్థ్యం కోసమని కొందరు రహస్యంగా కొని మింగే సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలు ఈ వాయువు ఇచ్చిన సందేశం చెరిగిపోకుండా అడ్డుకుంటాయి. వాటికి నాలుక కింది మాత్ర తోడైతే రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ మింగిన 24 గంటలలోపు, టడలాఫిల్ మింగిన 48 గంటలలోపు సార్బిట్రేట్ పెట్టుకోరాదు. ఇంటివారికి చెప్పడానికి నోరు రాకపోవచ్చు. అన్సారీ స్త్రీలు ధర్మం తెలుసుకునే విషయంలో సిగ్గును అడ్డు రానీయలేదని హజ్రత్ ఆయిషా ప్రశంసించారు. నొప్పి వచ్చిన రాత్రి, కనీసం అంబులెన్సులో వచ్చినవారికైనా ఆ మాత్ర పేరు, మింగిన సమయం చెప్పండి.