మధ్యలో లేవలేనమ్మా!

"ఇంకో అయిదు నిమిషాలమ్మా" అని మీ అబ్బాయి హెడ్‌సెట్ తీయకుండానే అంటే నమ్మకండి. వాడు అబద్ధం ఆడుతున్నాడని కాదు. ఎప్పటికి అయిపోతుందో వాడికీ తెలియదు, వాడితో పాటు ఆ ఆటలో ఉన్న మిగతా పంతొమ్మిది మందికీ తెలియదు.

ఈ మధ్య పేరెంట్ మీటింగుల్లో ఒక కొత్తరకం ఫిర్యాదు వింటున్నాను. ఇదివరకు "ఎప్పుడు చూసినా ఫోనేనండీ" అనేవారు. ఇప్పుడు "రాత్రి పన్నెండు దాటాక లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, పిలిస్తే మధ్యలో లేవలేనంటున్నాడు" అంటున్నారు. ఫోన్‌లో ఆడే బీజీఎంఐ సంగతి కాదిది. అది నలుగురి జట్టు, అరగంటలో తేలిపోతుంది. 2023లో అది మళ్లీ వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటలని పరిమితి కూడా పెట్టారు. నేను చెప్పబోయేది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14 లాంటి రోల్ ప్లేయింగ్ ఆటల గురించి, వాటిలో 'రైడ్' అనే ఘట్టం గురించి. మన పిల్లల్లో ఇవి ఆడేవాళ్లు తక్కువే. ఆడేవాళ్ల ఇళ్లలో గొడవ మాత్రం పెద్దదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రైడ్ మధ్యలో వైఫై తీసేయడం తప్పు. తెల్లవారుజాము దాకా ఆడనివ్వడం అంతకన్నా పెద్ద తప్పు. తిట్టాల్సిన సమయం రాత్రి పన్నెండు కాదు; మాట్లాడాల్సిన సమయం వాడు ఆ జట్టులో పేరు ఇవ్వకముందు. ఎందుకో చెప్పాలంటే రైడ్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి.

రైడ్ అనగానే మనకు కబడ్డీ గుర్తొస్తుంది. అక్కడ ఒక్కడు కూత పెట్టి ఏడుగురి మీదికి వెళ్తాడు. ఇక్కడ తిరగేసి ఉంటుంది: ఎనిమిది మందో, ఇరవై మందో కలిసి ఒక్క రాక్షసుడి మీదికి వెళ్తారు. ఆ రాక్షసుణ్ని 'బాస్' అంటారు. ఫైనల్ ఫాంటసీలో ఎనిమిది మంది జట్టంటే ఇద్దరు దెబ్బలు తమ మీద వేసుకునేవాళ్లు (ట్యాంకులు), ఇద్దరు వైద్యం చేసేవాళ్లు (హీలర్లు), నలుగురు కొట్టేవాళ్లు. ట్యాంకు పక్కకు తిరిగితే బాస్ హీలర్ మీద పడుతుంది, హీలర్ పోతే ట్యాంకు పోతాడు, ఇక మిగతావాళ్లు ఉన్నా లేనట్టే. చాలా బాస్‌లకు గడువు కూడా ఉంటుంది. అన్ని నిమిషాల్లో చంపకపోతే దానికి ఉగ్రం వచ్చి ఒకే దెబ్బకు అందరినీ చంపేస్తుంది. అంటే దాక్కుని ప్రాణం కాపాడుకుంటే సరిపోదు, ప్రతివాడూ తన వంతు కొట్టాలి.

దీన్ని మన ఊళ్లలో కోలాటంతో పోల్చొచ్చు. ఇరవై మంది వలయంలో ఒక్కడు అడుగు తప్పితే పక్కవాడి కర్ర గాలిలోకి పోతుంది, అక్కణ్నుంచి వలయమంతా చెదురుతుంది. రైడ్‌లో బాస్ ఏ క్షణంలో ఏం చేస్తుందో ఒక వరుస ఉంటుంది. ఆ వరుసను ఇరవై మందీ కంఠతా పట్టాలి. ఒక్కడు తప్పు గళ్లో నిలబడితే అందరూ చస్తారు. దాన్ని 'వైప్' అంటారు. మళ్లీ మొదటి నుంచి. ఒక రాత్రిలో ఇరవై ముప్పై వైప్‌లు మామూలే. 2017లో వార్‌క్రాఫ్ట్‌లో కిల్‌జేడెన్ అనే బాస్‌ను ప్రపంచంలో మొట్టమొదట చంపిన జట్టు ఆరు వందలకు పైగా సార్లు ప్రయత్నించింది. అది దాదాపు పూర్తికాలం ఇదే పనిగా ఆడే జట్టు, మన పిల్లల సంగతి అది కాదు. అయినా లెక్క అర్థమవడానికి చెప్పాను. ఒక లెక్క ఆరు సార్లు తప్పితే పుస్తకం మూసేసే పిల్లాడు అక్కడ అరవై సార్లు ఓడి అరవై ఒకటోసారి లేచి నిలబడుతున్నాడంటే, ఏం చూసి నిలబడుతున్నాడో మనం, ముఖ్యంగా మా టీచర్లం, ఒకసారి ఆలోచించాలి.

అయితే అసలు కష్టం బాస్ కాదు, మనుషులు. 2004లో వార్‌క్రాఫ్ట్ మొదలైనప్పుడు పెద్ద రైడ్‌కు 40 మంది కావాలి. నలభై మందిని ఒకే గంటకు కూర్చోబెట్టడం ఎంత కష్టమో పెళ్లి భోజనాలు వడ్డించినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2007కల్లా అది 25కి దిగింది, 10 మందితో ఆడేవీ వచ్చాయి. 2014 నుంచి అన్నిటికన్నా కష్టమైన 'మిథిక్' స్థాయికి సరిగ్గా 20 మంది. పందొమ్మిది మందికి చాలా కష్టం, ఇరవై ఒక్కరికి చోటు లేదు.

ఈ ఇరవై అన్న అంకెలోనే పెద్ద చిక్కుంది. ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరింట్లోనో కరెంటు పోతుంది. అందుకని జట్టు నాయకుడు ఇరవై నలుగుర్ని పెట్టుకుంటాడు. అందరూ వచ్చిన రోజున నలుగుర్ని 'బెంచ్' మీద కూర్చోబెట్టాలి. ఎవర్ని? బాగా ఆడనివాణ్నా? వాణ్ని కూర్చోబెడితే వాడికి నేర్చుకునే అవకాశం పోతుంది, ఇంకా వెనకబడతాడు, పై వారం మళ్లీ వాడే బెంచ్ మీద. వంతుల ప్రకారం అందర్నీ కూర్చోబెడితే బాస్ చావదు. బాస్ చావకపోతే బాగా ఆడేవాళ్లు వేరే జట్టుకు వెళ్లిపోతారు. గిల్డులు (ఈ జట్లను అలా అంటారు) ఎక్కువగా విరిగేది బాస్ చేతిలో కాదు, ఈ బెంచ్ దగ్గరే. టెస్టు టెస్టుకీ మార్కులు చూసి సెక్షన్లు మార్చే మనకు ఈ సమస్య కొత్తేం కాదు. కింది సెక్షన్‌కు వెళ్లిన పిల్లాడికి ఏమవుతుందో తెలిసి కూడా మార్చుతూనే ఉన్నాం. ఎనిమిదేళ్లుగా మా స్టాఫ్ మీటింగుల్లో తేలని ప్రశ్నను ఒక పదహారేళ్ల రైడ్ లీడర్ ప్రతి వారం తేల్చాల్సి వస్తోంది, అదీ తనకన్నా రెట్టింపు వయసున్నవాళ్ల మధ్య.

తర్వాతి తగాదా దొరికిన సొమ్ము దగ్గర. బాస్ చచ్చాక నాలుగైదు వస్తువులు వస్తాయి, అడిగేవాళ్లు ఇరవై మంది. ఆ బాస్ మళ్లీ వస్తువు ఇచ్చేది వచ్చే వారమే. దీనికి పాత ఆటగాళ్లు ఒక పద్ధతి కనిపెట్టారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలో మొదలైంది. వచ్చిన ప్రతి రైడ్‌కూ కొన్ని పాయింట్లు, ఆ పాయింట్లతో వస్తువును పాడుకోవడం. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఇది చెప్పగానే అర్థమవుతుంది, చీటీ పాటే కదా! నమ్మకం ఉన్నన్నాళ్లు చీటీ నడుస్తుంది. నిర్వాహకురాలు తన వదినకు ముందు పాట ఇచ్చిందని తెలిసిన రోజున ఏమవుతుందో గిల్డులోనూ అదే అవుతుంది. ఇక్కడ తల్లిదండ్రులు కన్ను వేయాల్సిన విషయం ఒకటుంది. కొన్ని జట్లలో పాయింట్లతో కాకుండా ఆటలోని బంగారంతో పాట పాడతారు. ఆ బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్మేవాళ్లు ఉన్నారు. అది కంపెనీ నిబంధనలకు విరుద్ధం. 2024లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లోని ఒక సీజన్‌లో ఈ బంగారం పాటల్నే కంపెనీ నిషేధించింది. మీ కార్డు నంబరు ఆ లాప్‌టాప్‌లో సేవ్ అయి ఉందేమో ఈ రాత్రే చూడండి.

"ఇది కూడా ఆన్‌లైన్ రమ్మీ లాంటిదేనా సార్?" అని ఒక తండ్రి అడిగారు. కాదండీ. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను. నెల చందా కట్టి ఆడేవి వేరు. "అడిక్షన్" అనే మాట కూడా మనం తొందరపడి వాడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో పెట్టిన జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, నిజమే. కానీ దానికి ఆట మీద అదుపు పోవడం, మిగతా జీవితమంతా వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. శుక్రవారం రాత్రి రైడ్‌కు ఎదురుచూసే పిల్లాడికి ఆ పేరు పెట్టకండి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మనమూ అలాగే ఉంటాం.

అలాగని ఇందులో నాయకత్వ లక్షణాలు వస్తాయి, టీమ్‌వర్క్ వస్తుంది అని బ్రోషర్ భాషలో నేను పొగడను. రావచ్చు, రాకపోవచ్చు. మాట మీద నిలబడటం నేర్చుకున్నవాళ్లున్నారు, తప్పు చేసినవాణ్ని హెడ్‌సెట్‌లో బూతులు తిట్టడం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రతి ప్రయత్నం తర్వాత ఎవరు ఎంత కొట్టారు, ఏ సెకనులో ఎవరు తప్పారు అని చూపించే రికార్డులు ఉంటాయి. పద్నాలుగేళ్ల పిల్లాడి పేరు పక్కన ఎర్రగా కనిపిస్తే ముప్పై ఏళ్లవాడు నోరు పారేసుకోవచ్చు. అమెరికాలో ఆటలకు వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ వీటికి టీన్ అని, అంటే 13 ఏళ్లు పైబడినవాళ్లకని ఇచ్చింది. కానీ ఆ రేటింగ్ ఆటకే, ఆటగాళ్ల మాటలకు వర్తించదని దాని పక్కనే రాసి ఉంటుంది. అమ్మాయిలు ఆడుతున్న ఇళ్లలో ఈ విషయం ఇంకా ముఖ్యం. గొంతు వినగానే మాట తీరు మార్చేవాళ్లు అక్కడా ఉంటారు.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది మాత్రం గడియారం. వార్‌క్రాఫ్ట్‌కు మన దేశంలో సర్వర్ లేదు. మనవాళ్లు యూరప్‌లోనో, ఆస్ట్రేలియా వైపో, అమెరికాలోనో చేరాలి. పారిస్‌లో రాత్రి 8కి మొదలైన రైడ్ చలికాలంలో మనకు అర్ధరాత్రి 12:30, వాళ్ల వేసవిలో 11:30. మూడు గంటల రైడ్ అనుకోండి, పడుకునేసరికి కోడి కూస్తుంది. సిడ్నీ వాళ్ల రాత్రి 8 అంటే వాళ్ల చలికాలంలో మనకు మధ్యాహ్నం 3:30, మన చివరి పీరియడ్. న్యూజెర్సీలో ఉన్న పెదనాన్న కొడుకుతో కలిసి ఆడదామంటే, చలికాలంలో వాళ్ల రాత్రి 8 మనకు ఉదయం 6:30, బస్సు కోసం టిఫిన్ బాక్సు సర్దుకునే వేళ. పిల్లలకు ఇష్టమై అర్ధరాత్రి ఆడుతున్నారని అనుకుంటాం. చాలాసార్లు ఆ గంట వాళ్లు ఎంచుకున్నది కాదు, పారిస్‌లో భోజనం అయ్యే వేళను బట్టి వచ్చింది. ఫస్ట్ పీరియడ్‌లో మాకు కనిపించే నిద్రమొహాలకు కారణం అదే.

కాబట్టి పేరు ఇవ్వకముందే అడగండి. ఏ దేశం జట్టు, ఏ రోజులు, మన టైములో ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు? బడి ఉన్న రోజు రాత్రి పదిన్నర దాటితే కుదరదని ఆ రోజే చెప్పండి, వెళ్లి వాళ్ల లీడర్‌కు చెప్పమనండి. మిథిక్ వద్దనండి. అక్కడ సరిగ్గా ఇరవై మంది కాబట్టి ఒక్కడు రాకపోయినా ఇరవై మందికీ నష్టం, ఆ బరువు స్కూలు పిల్లాడి నెత్తిన పెట్టకూడదు. నార్మల్, హీరోయిక్ స్థాయిల్లో పది నుంచి ముప్పై మంది దాకా ఎంతమంది ఉంటే అంతమందితో ఆడొచ్చు. ఒకడు మానేస్తే బాస్ దానికి తగ్గట్టు తగ్గుతుంది. రైడ్ ఫైండర్ అని ఇంకొకటుంది. క్యూలో నిలబడి తెలియనివాళ్లతో ఆడి వచ్చేయడమే, ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు. ఈ మూడింటికీ తేడా తెలిసిన అమ్మను చూస్తే మీవాడు ముందు నోరు తెరుస్తాడు, తర్వాత బేరానికి దిగుతాడు. దిగనివ్వండి, కానీ పదిన్నర దగ్గర మాత్రం కదలకండి.

ఒప్పుకున్న టైములో ఆడుతుంటే మాత్రం మధ్యలో స్విచ్ కట్టేయకండి. మీ దృష్టిలో అది ఆట. వాడి దృష్టిలో పంతొమ్మిది మందికి ఇచ్చిన మాట, దాన్ని వాళ్ల నాన్న అందరి ముందూ తుంచేశాడు. లాప్‌టాప్ గదిలో కాదు, హాల్లో ఉంటే మంచిది. హెడ్‌సెట్ తీసి వారంలో ఒక గంట స్పీకర్లో వినిపించమనండి. ఎవరు ఎలా మాట్లాడుతున్నారో మీకే తెలుస్తుంది. పదో తరగతి, ఇంటర్ పిల్లల విషయంలో నాది గట్టి మాట: డిసెంబరు నుంచి పరీక్షలయ్యే దాకా జట్టులో చోటు వదులుకోవాలి. గిల్డులకు ఇది కొత్త కాదు, అక్కడివాళ్లకూ పరీక్షలూ ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నారు. ముందు చెప్పి వెళ్లినవాణ్ని మళ్లీ తీసుకుంటారు. చెప్పకుండా మాయమైనవాణ్నే తీసుకోరు.

అర్ధ సంవత్సర పరీక్షల టైమ్ టేబుల్ ఈ సంచికలోనే ఇచ్చారు. ఫ్రిజ్ మీద అతికించే ముందు ఒక ఫొటో తీసి మీ అబ్బాయికి, అమ్మాయికి పంపండి, వాళ్ల రైడ్ లీడర్‌కు ఫార్వర్డ్ చేయమనండి. రెండు వారాల ముందు తెలిస్తే ఆయన బెంచ్ మీదున్న ఎవరినో సర్దుకుంటాడు.