దోష మెవ్వరిది?

మలేషియాలో భారతసంతతి యువకులు దుండగపు ముఠాలలో జేరి చెడుచున్నారని విని, మా కంచిలిలో నొక పెద్దమనిషి “కూలివాని రక్తమే యట్టిది” అని తేల్చివేసెను. ఇంత సులభముగా దీర్పు చెప్పుట న్యాయమా?

2013లో నాదేశపు హోంశాఖ 49 రహస్యసంఘముల పేళ్లు ప్రకటించెను. వాని సభ్యులలో నూటికి 70 మందికి పైగా భారతసంతతివారే యనెను. జనాభాలో వారు నూటికి సుమారు 7 మంది మాత్రమే. వారిలో పెక్కురు తమిళులు. మన తెలుగువారును గలరు.

రక్తమే కారణమైనచో, వీరి తాత లేల చెమటనే నమ్ముకొని బ్రతికిరి? గంజాము, విశాఖపట్టణము మండలములనుండి కంగాణీల వెంట బోయి, తెల్లవారకముందే రబ్బరుచెట్లు గీసి పాలు తీసినవారు మనవారు కారా? తోట కూలి తక్కువ యిచ్చినను, నీడయు, గుడియు, బడియు, ఇరుగుపొరుగును ఇచ్చెను. పిమ్మట తోటలు చేతులు మారెను. రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చెను. కొన్నిచోట్ల మేడలు లేచెను. కుటుంబములు పట్టణపు మురికివాడల బడెను. 1971నాటి నూతన ఆర్థికవిధానము ప్రధానముగా మలయుల యభ్యున్నతి కుద్దేశింపబడినది. వీరి మొఱ వినువారు తక్కువైరి. తల్లిదండ్రులు పనికి బోగా, బడి వదలిన బాలుని “తమ్ముడా” యని పిలిచినది ముఠాయే!

నేరమునకు శిక్ష వలదనను. కాని పనియు, చదువును, ఆదరమును లేనిచో చెఱసాలలు నిండును గాని వీధులు చల్లబడవు.

మన యుద్దానపు యువకులు నేడును దూరదేశములకు బోవుచున్నారు. వారు పంపు రూకలు లెక్కించుచున్నాము. వారి బిడ్డ లే బడిలో నున్నారో యడిగితిమా?