రౌటరును ముట్టుటకు ముందు

మా కంప్యూటరు గదిలోని స్విచ్చిని (దీపపు మీట కాదు, తీగలను కలుపు పెట్టె) అమర్ప నేర్చుకొను విద్యార్థులు ఆజ్ఞలను కంఠస్థము చేసి, పని జరిగినంతనే లేచిపోవుచున్నారు. సిస్కోవారి పెట్టెలలో నడచుచున్న అమరిక వేఱు, నిలువయుంచిన అమరిక వేఱు. మొదటిదానిని రెండవదానిలోనికి నకలు చేయకున్నచో, విద్యుత్తు పోయి వచ్చుసరికి చేసిన మార్పంతయు పోవును. ఇది చిన్న మఱపు, మరల వ్రాసికొనవచ్చును.

పెద్దది వేఱొకటి కలదు. 2022 జూలై 8వ తేదీ తెల్లవాఱుజామున కెనడాలో రోజర్సు సంస్థవారు ఏడు విడతల మార్పులో ఆఱవదానిని చేయుచు, మార్గములను వడగట్టు నియమమొకదానిని రౌటర్లనుండి తొలగించిరి. మార్గములు వెల్లువవలె వచ్చిపడి మూలరౌటర్లు కూలెను. కోటి ఇరువది లక్షలకు పైబడిన చందాదారులకు సేవ నిలిచెను. ఆపదలో 911 సంఖ్యను పిలిచిన పలువురకు బదులు రాలేదు. తొలివిడతలు నిర్విఘ్నముగా సాగినందున ఆ పనియొక్క అపాయపు అంచనాను ముందే తగ్గించియుండిరట! అంతకంటె విచారకరమేమనగా, రౌటర్లను దూరమునుండి చక్కదిద్దు దారియు కూలిన ఆ జాలముమీదనే ఆధారపడియుండెను. తాళపుచెవిని లోపలనుంచి తలుపు మూసికొన్నట్లయ్యెను.

క్రొత్త సాఫ్టువేరు ఎక్కింపవలదని మేమనము. పాతదానితో నున్న రౌటరు దొంగకు తెఱచిన ద్వారమే. కాని పరీక్షలో ఆజ్ఞలకిచ్చు మార్కులలో సగము, ముందుగా తీసిన నకలునకును, వెనుకకు మరలు దారిని వ్రాసిన కాగితమునకును ఈయవలెనని మా యభిప్రాయము. ఈ యేటినుండి స్విచ్చిని ముట్టబోవు విద్యార్థి ఆ కాగితమును ముందు మాకు చూపవలసియుండును.