హ్యూకెరాకు నీడ ఒక్కటే చాలదు

మిద్దెతోటల వాళ్ళ మధ్య ఈమధ్య ఒక మాట బాగా చలామణీ అవుతోంది. హ్యూకెరా నీడలో పెరిగే మొక్క కాబట్టి మామిడిచెట్టు కిందో బాల్కనీ మూలనో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే విజయవాడలోనైనా గన్నవరంలోనైనా బతుకుతుందట. ఊదా, రాగి, నిమ్మపసుపు రంగుల్లో ఉండే ఆ ఆకుల ఫొటోలు చూసి ఆశపడటంలో తప్పులేదు. సలహా మాత్రం తప్పు. అందులో నీడ మాట అరకొర నిజం, రోజూ నీళ్ళ మాట మొక్కను చంపే పని.

హ్యూకెరా ఉత్తర అమెరికాది. కొండరాళ్ళ సందుల్లో, చల్లటి అడవుల అంచుల్లో పెరిగే జాతి. దానికి కావలసింది మధ్యాహ్నపు ఎండ నుంచి కాస్త మరుగు, దానితోపాటు చల్లటి రాత్రి. మరుగు మనం ఇవ్వగలం. రాత్రిని ఎక్కణ్ణుంచి తెస్తాం? వాతావరణ శాఖ విజయవాడ పేరుతో లెక్కగట్టే ఉష్ణోగ్రత గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచేదే. మే నెలలో అక్కడ కనిష్ఠమే సగటున 27, 28 డిగ్రీలు. పగలు తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని మొక్క రాత్రి శ్వాసక్రియకు ఖర్చుపెడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. నీడలో ఉన్న మొక్కకు అసలే సంపాదన తక్కువ, పైగా రాత్రంతా ఖర్చే. షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది గాని రాత్రి ఉక్కను తగ్గించదు.

"మా ఇంట్లో బాగానే ఉందండీ" అని జనవరిలో ఫొటో చూపించేవాళ్ళున్నారు. జనవరి రాత్రులు ఇక్కడ 18, 19 డిగ్రీలకు దిగుతాయి, అప్పుడు హ్యూకెరా కూడా కళకళలాడుతుంది. రోహిణీ కార్తె వెళ్ళాక తీసిన ఫొటో చూపించమనండి.

రోజూ నీళ్ళు పోయమనడం ఇంకా ప్రమాదం. హ్యూకెరా ఆకులన్నీ నేలను అంటిపెట్టుకున్న పొట్టి మొదలు నుంచే వస్తాయి. ఆ మొదలు చుట్టూ వెచ్చటి తడి నిలిచిందంటే శిలీంధ్రాలు చేరి మొదలుకుళ్ళు పడుతుంది. మన డెల్టా నల్లమట్టి తడిని ఓ పట్టాన వదలదు. కుళ్ళిన వేరు నీరు తీసుకోలేదు కాబట్టి పైన ఆకులు వాడతాయి. అది దాహమనుకొని ఇంకో చెంబు పోస్తారు. చాలా కుండీలు ఎండకు కాదు, ఈ జాలికే పోతాయి.

న్యూజెర్సీలో మా వాళ్ళ పెరట్లో గుబురుగా ఉందిగా అంటారా? ఉంటుంది. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది, వసంతంలో మొక్క మళ్ళీ చిగురేస్తుంది. అక్కడివాళ్ళకు దాని సేవ పెద్ద కష్టం కాదు: నీరు నిలవని నేల, మొదలు మట్టిలో కూరుకుపోకుండా నాటడం, మూడు నాలుగేళ్ళకోసారి తవ్వి పిలకలు విడదీయడం. మంచు వల్ల మొక్క పైకి లేచిపోతే మళ్ళీ అదిమి పెట్టాలి. అట్లాంటా లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఉన్నవాళ్ళు హ్యూకెరా విల్లోసా సంకరాలను ఎంచుకోవడం మంచిది, అవి వేడికి కాస్త ఓర్చుకుంటాయి. ఆ కాస్త ఓర్పు మన మే నెలకు సరిపోదు. పెట్టెలో చాటుగా తెప్పించుకుందామనుకునే వాళ్ళకు ఒక మాట: 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు తేకూడదు. తెగులు వాటితోపాటే వస్తుంది.

ఇక విత్తనాల పొట్లాలు. నీలం, గులాబీ, ఇంద్రధనుస్సు హ్యూకెరా అంటూ అమ్మేవాటిది పచ్చి మోసం. పేరున్న రంగు రకాలు ఎక్కువగా సంకరాలు, టిష్యూకల్చర్‌తోనో పిలకలతోనో పెంచేవి, విత్తనం నుంచి అదే రంగు రాదు. 1991లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షికంగా ఎంపికైన 'ప్యాలెస్ పర్పుల్' కథే చూడండి. దాన్ని విత్తనాలతో విరివిగా పెంచేసరికి ఊదా బదులు పచ్చతేలిన మొక్కలు బజారు నిండా వచ్చాయి.

రంగు ఆకులు కావాలంటే గన్నవరం మీదుగా పోయే జాతీయ రహదారిపై తూర్పుకు వెళ్తే కడియం నర్సరీలున్నాయి. కోలియస్, క్రోటన్, అకాలిఫా, కలేడియం. ఇవీ పరాయివే, కాదనను. ఆగ్నేయాసియా నుంచో పసిఫిక్ దీవుల నుంచో దక్షిణ అమెరికా నుంచో వచ్చాయి, కాని ఉక్కలో పుట్టినవి. హ్యూకెరా రంగులకు దగ్గరగా వచ్చేది కోలియస్. కొమ్మ తుంచి నీళ్ళలో పెడితే వేళ్ళు వస్తాయి. పూతకంకులు గిల్లేస్తుంటే గుబురవుతుంది. వేసవిలో నీడకు చేర్చి, ముదిరిన మొక్క స్థానంలో కొత్త కొమ్మ నాటుకోవాలి. క్రోటన్‌కు దీనికి విరుద్ధం: నీడలో పెడితే రంగులు తగ్గి పచ్చబడిపోతుంది, దానికి ఎండే కావాలి. కలేడియం చలికాలంలో ఆకులు రాల్చి దుంపగా నిద్రపోతుంది, చచ్చిందని పారేయకండి. దాని ఆకులు నోట్లో పెట్టుకుంటే మంట పుడుతుంది, పిల్లలకు, పశువులకు అందనీయకూడదు.

హ్యూకెరా అని ఎవరైనా కుండీ చూపిస్తే కాండం తడిమి చూడండి. నాలుగు పలకలుగా ఉండి, ఆకులు ఎదురెదురుగా వస్తే అది కోలియస్. కోలియస్ ధరకే కొనండి.