కలల లెక్క భక్తికి లెక్క కాదు



ఈ మధ్య మన యౌవనస్థుల సెల్‌ఫోనులలో ఒక క్రొత్త సాధన చేరినది. వచ్చిన కలలను మరువక నిలుపుకొనుట ఎట్లు, కల కనుచుండగానే ఇది కలయని గుర్తుపట్టుట ఎట్లు, గుర్తుపట్టి దానిని మన యిష్టప్రకారము నడుపుకొనుట ఎట్లు అని నేర్పెడి పాఠములవి. పట్టణములలో దానిని వినోదమనియు మనోబలమనియు చెప్పుకొందురు. మన పల్లెలలో అడుగుపెట్టగానే అది పేరు మార్చుకొనుచున్నది. పది దినములు సాధన చేసినవాడు పదునొకండవ దినమున సంఘములో నిలిచి, తనకు ప్రతి రాత్రి దర్శనములు కలుగుచున్నవని చెప్పును. వినువారు తలలు వంచుదురు. ఇది తప్పు. ఏల తప్పో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ సాధన వట్టి అబద్ధమని నేననను. ఉన్నదానిని లేదనుట కాపరికి తగదు. 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను ఇద్దరు పండితులు, నిద్రించువాని కనుగ్రుడ్లు మూసిన రెప్పల క్రింద వేగముగా కదలు సమయములు కలవని ప్రకటించిరి. ఆ సమయములలో లేపబడినవారు తరచుగా కల చెప్పిరి. రాత్రి గడచుకొలది ఆ సమయములు దీర్ఘమగును. తెల్లవారుజాము కల నిజమగునని మన పెద్దలు చెప్పుదురు గదా! అది నిజమగునని కాదు, దాని మధ్యనుండి మనము మేల్కొందుము గనుక అది జ్ఞాపకముండును. ఉన్న సంగతి అంతియే.

1975లో ఇంగ్లాండులో కీత్ హెర్న్ అను పరిశోధకుని యెదుట నిద్రించిన ఒకడు, తాను కలలో ఉన్నట్లు తనకు తెలిసెనని, ముందు అనుకొనిన ప్రకారము కన్నులు కదల్చి సైగ చేసెను. తరువాత అమెరికాలో స్టీఫెన్ లబర్జ్ అను ఆయన జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన ఒక పద్ధతిని ఏర్పరచెను. ఆ పద్ధతి ఇది: మేల్కొనిన వెంటనే వచ్చిన కలను తలపోయవలెను, ప్రక్కనున్న పుస్తకములో వ్రాసికొనవలెను, మరల నిద్రపోవుచు, ఈసారి కల వచ్చినప్పుడు అది కలయని జ్ఞాపకము చేసికొందునని మనస్సులో నాటుకొనవలెను. 2017లో ఆస్ట్రేలియాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఇట్టి పద్ధతులను కలిపి ఒక వారము సాధించినవారికి నూటికి సుమారు 17 రాత్రులలో అట్టి కల వచ్చెను. తక్కిన రాత్రులలో రాలేదు.

చదువరీ, ఇప్పుడు నిదానించి ఆలోచించుము. పుస్తకమును పెన్సిలును తలదాపున పెట్టుకొనినవానికి కలలు ఎక్కువగా జ్ఞాపకముండును. ప్రార్థించువానికిని ప్రార్థింపనివానికిని, విశ్వాసికిని అవిశ్వాసికిని ఈ సాధన ఒక్కతీరుగానే పనిచేయును. కాబట్టి ఎక్కువ కలలు చెప్పువాడు ఎక్కువ భక్తుడని ఎట్లు అనగలము? బావిలో చేద పదిమారులు వేసినవానికి పది చేదల నీరు వచ్చును. అంతమాత్రమున ఆ బావి బేతెస్ద కోనేరు అగునా? సాధన చేత పెరుగునది సాధకుని నేర్పు. దానికి దేవుని పేరు పెట్టుట దొంగ ముద్ర వేయుట.

యోసేపు కలలు కనలేదా, దానియేలు కలల భావము చెప్పలేదా అని కొందరు నన్నడుగుదురు. కనిరి, చెప్పిరి. కాని వారిలో ఎవడును కలల కొరకు సాధన చేయలేదు. మరియొక సంగతి మరువకుడి. ఐగుప్తులో ఆవులను, వెన్నులను కలగన్నవాడు ఫరో. బబులోనులో గొప్ప ప్రతిమను కలగన్నవాడు నెబుకద్నెజరు. ఆ యిద్దరు అన్యరాజులు. కల కనుటయే పరిశుద్ధతకు గురుతైనయెడల ఫరోను సంఘపెద్దగా పెట్టుకొనవలసివచ్చును! ద్వితీయోపదేశకాండము పదుమూడవ అధ్యాయము తెరచి చూడుడి. కలలు కనువాడు చెప్పిన సూచన నెరవేరినను, వాడు జనులను దేవుని యొద్దనుండి తొలగించినయెడల వాని మాట వినకూడదని మోషే కట్టడ చేసెను. కల నెరవేరుటయే చాలదన్నప్పుడు, కల జ్ఞాపకముండుట ఏపాటిది?

పూర్వపు సంఘమునకు ఈ విషయము క్రొత్తది కాదు. అయిదవ శతాబ్దపు ఆరంభమున అగస్టీను భక్తుడు ఎవోదియునకు వ్రాసిన లేఖలో కార్తేజి పట్టణపు వైద్యుడైన గెన్నాదియు సంగతి చెప్పెను. మరణము తరువాత జీవమున్నదా యని సందేహించిన అతనికి కలలో ఒక యౌవనస్థుడు కనబడి, ఇప్పుడు నీ శరీరమెక్కడ ఉన్నదని అడిగెను. పడకమీద ఉన్నదని అతడు చెప్పెను. తాను చూచుచున్నది నిద్రలోనని అతనికి ఆ కలలోనే తెలిసెను. అగస్టీను ఆ సంగతినుండి కలలు కనుడని బోధింపలేదు. రాబోవు జీవమును గూర్చి ఆలోచించుడని బోధించెను. కల వాకిలివంటిదైనను కావచ్చును. వాకిటిలోనే కాపురముండువాడు ఇల్లు చేరడు.

ఇంత కఠినముగా ఏల వ్రాయవలెనని అనుకొందురేమో. మన ప్రాంతములో కల మాటగా ఆగదు. అది తీర్పుగా మారును. ఒక యింట బిడ్డకు జ్వరము తగ్గదు. "నీ పొరుగింటి అవ్వ నాకు కలలో కనబడినది" అని ఒకడు చెప్పును. మరునాటికి ఆ అవ్వ బాణామతి చేసినదగును. ఆమె తరఫున సాక్షి ఎవడు? కలలోనికి ఎవడు పోయి విచారించును? 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను చంపిరి. అక్కడ కల ప్రస్తావన వచ్చెనని నేననుటలేదు. రుజువు అడుగని అనుమానము ఎంతవరకు పోవునో చూపుచున్నాను. ఇట్లే, దుబాయికిని మస్కటుకును పోయిన భర్తల కొరకు ఎదురుచూచు స్త్రీలు సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో అనేకులున్నారు. అట్టి ఒక సోదరితో, నీ పెనిమిటి త్రోవ తప్పెనని కలలో చూచితినని చెప్పువాడు ఆమె సంసారమును ఒక్క మాటతో కూల్చును. కల చెప్పినదని మందులు మానినవాని ప్రాణమునకు ఎవడు జవాబుదారి?

నిద్ర సంగతి కూడ చెప్పవలెను. ఆ సాధన నేర్పువారు సుమారు అయిదు గంటలు నిద్రించి, లేచి, కొంతసేపు మేల్కొని, మరల పండుకొనుమందురు. తీరిక గలవారికి అది సాగునేమో. గోదావరిఖనిలో, మందమర్రిలో, బెల్లంపల్లిలో బొగ్గుగని రాత్రి షిఫ్టు దిగివచ్చిన సోదరునికి, దినమంతయు బీడీలు చుట్టి నడుము వంగిన తల్లికి, ఆ నిద్ర దేవుడిచ్చిన కూలి. పెద్దలకు రాత్రికి కనీసము ఏడు గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆ కూలిని కోసి కలకు కప్పము కట్టుట ఏమి భక్తి?

అయితే జ్ఞాపకశక్తికి సాధన అక్కరలేదా? మిక్కిలి అక్కర. మన కరీంనగరు పల్లెలలో ఒగ్గుకథకుడు పుస్తకము చూడక రాత్రి పొడుగున మల్లన్న కథ చెప్పును. ఆదిలాబాదు గోండుల వంశగాథలను పర్ధానులు కీక్రీ వాయించుచు తరతరములుగా నోటనే కాపాడిరి. అక్షరము రాని మన అవ్వలు కీర్తనలను, వాక్యములను నోటికి నేర్చి, మనుమలకు అప్పగించిరి. వారి జ్ఞాపకము మెలకువలో పనిచేసెను; పదిమంది విని, తప్పిన చోట దిద్దగలిగిరి. కలనైతే ఎవడు దిద్దును? చెప్పినకొలది అది పెరుగును, చెప్పువాడు సహా పెరిగినదానినే నమ్మును. అటువంటి దానికొరకు శ్రమపడు యౌవనస్థుడా, ఆ శ్రమతో ఒక సువార్తను నోటికి నేర్చుకొనుము. నీ కన్ను మసకబారిన దినమున అది నీకు దీపమగును.

మాటిమాటికి భయంకరమైన కలలు వచ్చి నిద్ర చెడినవారిని మాత్రము నేను గద్దింపను. అట్టివారికి కలను గుర్తుపట్టు సాధన కొంత సహాయము చేయునని వైద్యులలో కొందరు చెప్పుచున్నారు. అది వైద్యుని యొద్ద జరుగవలెను. మనోవేదన గలవారికి 14416 అను టెలి మానస్ నంబరు ఉన్నది. తెలుగులోనే మాటలాడవచ్చును, సిగ్గుపడనక్కరలేదు.

సంఘపెద్దలారా, ఇకమీదట ఎవడైనను కల చెప్పవచ్చినయెడల మూడు ప్రశ్నలు అడుగుడి. ఇది వాక్యమునకు ఒప్పునా? ఇది ఒకరిమీద నిందను మోపుచున్నదా? దీనివలన చెప్పువానికి పేరుగాని పైకముగాని వచ్చునా? మొదటిదానికి అవునని, తక్కిన రెంటికి కాదని జవాబు రానియెడల, ఆ కలను సంఘములో చెప్పనియ్యకుడి. పొట్టు వేరు, గోధుమ వేరు అని యిర్మీయా కలలు చెప్పువారితో ఎప్పుడో వాదించెను. నూర్పిడి కళ్లములో పెరిగినవారము మనము. ఆ భేదము మనకు ఒకరు నేర్పవలెనా?